డెబియన్ పుట్టినరోజు

పోయిన భాగంలో, ఆంథోని మాస్టారి చేతికి నోటీసు అందిన దగ్గర ఆగాం. ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డులో ఇరవై రెండేళ్లుగా టైపు నేర్పుతున్న మనిషి ఆయన. టైపు మిషన్ల కాలం చెల్లిపోతోందని పోయిన ఏడాది గ్రహించి, రెండు పాత కంప్యూటర్లు తెచ్చుకున్నాడు. వాటిని నడిపించడానికి డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాడు. అది ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో ఉన్నది. ఆయన దగ్గరే టైపు నేర్చుకుని, ఇప్పుడు ఖమ్మంలో పెద్ద కంప్యూటర్ సెంటరు నడుపుతున్న వెంకటరామారావు, "అక్కడ ఉన్నదంతా దొంగ సరుకు" అని పరీక్షల ఆఫీసుకు అర్జీ పెట్టాడు. పందొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆగస్టు పదహారున తనిఖీకి వస్తున్నామనీ, సాఫ్ట్‌వేరుకు రసీదులు చూపించకపోతే ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు రద్దు చేస్తామనీ నోటీసు.

గుర్తింపు పోతే ముప్పై ఒక్క మంది పిల్లలకు ఆ ఏడు పరీక్ష పోయినట్టే. ఇరవై రెండేళ్ల పేరు కూడా దానితోనే పోతుంది.

నోటీసు చదివి జంపక్క తల పట్టుకుంది. జంపక్కకు ఇరవై రెండేళ్లు. అడవి అంచున ఉన్న కోయగూడెం నుంచి రోజూ ఆరు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చి టైపు హయ్యర్ పాసై, ఇప్పుడు అదే ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తవాళ్లకు పాఠం చెబుతోంది.

"సరిగ్గ పదారే ఏసిండ్రు సార్. మన డెబియన్ పండుగ కూడ ఆ దినమే కద. పండుగను ఎన్కకు జరుపుదమా?"

ఆంథోని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. లోపల గుబులుగానే ఉంది. కానీ ఆ మాట వినగానే ఎక్కడి నుంచో మొండితనం వచ్చింది.

"ఎందుకు జరపాలె? దొంగతనం జేసినోడైతే తలుపేసుకుంటడు. మనం తలుపులు తీసి కూసుందం. పండుగ పండుగే."

*

పదహారో తారీఖు పొద్దున ముసురు పట్టింది. ముందురోజు జెండా పండుగకు కట్టిన కాగితపు జెండాల దారాలు ఇన్‌స్టిట్యూట్ వసారాలో అట్లాగే ఉన్నాయి. వాటిని విప్పకుండా, వాటి కిందే నల్లబల్ల నిలబెట్టి, "డెబియన్ ఆరో పుట్టినరోజు. అందరూ రండి" అని జంపక్క రంగు సుద్దలతో రాసింది. టైపు మిషన్లన్నీ గోడవారకు జరిపి మూతలు వేశారు. రెండు కంప్యూటర్లనూ మధ్యలో బల్లల మీద పెట్టి, వాటి మెడలో పిల్లలు బంతిపూల దండలు వేశారు. తెర మీద నల్లటి పలకపై తెల్లటి అక్షరాలు. పక్కన ఆరుతూ వెలుగుతున్న చిన్న గీత. అంతే ఆ దేవుడి రూపం.

బసవపున్నయ్యగారు రెండు గంపల ఉడకబెట్టిన మొక్కజొన్న కంకులు పంపించి, వెనకే తానూ వచ్చాడు. సత్తుపల్లి వైపు నుంచి ముప్పై ఏళ్ల కింద వచ్చి ఇక్కడ భూములు చేసుకుంటున్న రైతు. ఇన్‌స్టిట్యూట్ ఉన్న ఇల్లు ఆయనదే. ఆయనకు కంప్యూటరంటే ఏమిటో తెలియదు గానీ, ఆంథోని ఏం చేసినా అందులో ఏదో మంచి ఉంటుందని నమ్మకం.

పదింటికల్లా వసారా నిండింది. పిల్లలు, పిల్లల తల్లులు, పోస్టాఫీసు గుమాస్తా, పినపాక నుంచి వచ్చిన ఇద్దరు బడిపంతుళ్లు. పండుగంటే ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. దీపారాధనా లేదు, ప్రార్థనా లేదు. ఆంథోని లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆదివారం గుడిలో వాక్యం చదివే గొంతు అది. చివరి వరస దాకా వినబడుతుంది.

"ఆరేండ్ల కింద గిదే తారీఖునాడు అమెరికాల సదువుకుంటున్న ఒక పిలగాడు అందరికీ ఒక ఉత్తరం రాసిండు. 'నేను ఒకటి తయారు చేస్తున్న, మీరు కూడ చెయ్యేయండ్రి, ఇందుల దాసుకునేది ఏం లేదు' అని దాని మతలబు. ఇగ దానికి పేరు పెట్టాలె. తాను ఇష్టపడ్డ పిల్ల పేరుల ముందటి ముక్క తీసుకున్నడు. దాని ఎన్క తన పేరు కలిపిండు. గట్ల డెబియన్ అయింది."

ఆడవాళ్లలో నవ్వులు పాకాయి. కంకి తింటున్న ఒక ముసలామె, "పెండ్లయిందా మరి ఆ పిల్లతోని?" అని అడిగింది.

"అయింది అవ్వా."

"గంతే చాలు" అని ఆమె మళ్లీ కంకిలో పడింది.

ఆంథోనికి హుషారు పెరిగింది. "ఇది ఒక్కడు జేసింది గాదు. అంతకు రెండేండ్ల ముందు ఫిన్లాండు అనే చలిదేశంల ఇంకో విద్యార్థి దీనికి గుండెకాయసొంటిది రాసిండు. వానికన్న ముందుగాల్ల ఇంకొకాయన, ప్రోగ్రాం అన్నది ఎవరైనా తెరిచి చూడాలె, దిద్దాలె, పక్కోనికి పంచాలె అని పట్టుబట్టి కూసున్నడు. ఇప్పుడు డెబియన్ల పని చేసేటోళ్లు తక్కువల తక్కువ ఐదొందల మంది. ఏ దేశమోళ్లో. ఒకల మొఖం ఒకలు చూసింది లేదు. ఉత్తరాల మీదనే పని. జీతం లేదు."

"జీతం లేకుండా ఎందుకు చేస్తారయ్యా?" అన్నాడు బసవపున్నయ్య, నిజంగా అర్థం కాక.

"మీరు రెండు గంపల కంకులు ఊరికే ఎందుకు పంపిండ్రు?"

బసవపున్నయ్య ఆలోచనలో పడ్డాడు. జవాబు దొరికినట్టుంది, మీసం దువ్వుకుని ఊరుకున్నాడు.

అప్పుడు చూశాడు ఆంథోని, గుమ్మం దగ్గర గొడుగు ముడుస్తూ నిలబడిన ఆవిడను. ముదురాకుపచ్చ నేత చీర, చేతిలో ఫైలు. వెనక, తడిసిన చొక్కా దులుపుకుంటూ వెంకటరామారావు. రోడ్డు మీద జీపు ఎప్పుడు ఆగిందో వాన చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

"కానివ్వండి. కథ బాగుంది" అందావిడ. "నా పేరు ప్రమీలారాణి. తనిఖీకి వచ్చాను."

*

ప్రమీలారాణి కూర్చోలేదు. వసారా అంతా ఒకసారి కలియజూసి, నల్లబల్ల మీది రాత చదివి, కంప్యూటర్ల మెడలోని దండల దగ్గర ఒక్క క్షణం ఆగింది. నవ్వలేదు.

"రసీదులు?"

"కంప్యూటర్ల రసీదులు ఉన్నయ్ మేడం. డెబియన్‌కు రసీదు ఉండదు. దాన్ని కొనలేదు."

"కొననిది మీ దగ్గరికి ఎట్లా వచ్చింది?"

ఆంథోని సొరుగులోంచి పత్రిక, దానితో వచ్చిన సీడీ, తొడుగుతో సహా తీసి ఇచ్చాడు. వాటి కింద మడతపెట్టిన నాలుగు కాగితాలు. డెబియన్ వాళ్లు లోకానికి ఇచ్చిన మాట అందులో ఉంది. ఇది ఎప్పటికీ స్వేచ్ఛగానే ఉంటుందని, ఎవరైనా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని, పంచుకోవచ్చని. సీడీలోంచి తీసి అచ్చు వేయించి, ముఖ్యమైన వాక్యాల కింద ఆయన ఎర్ర సిరాతో గీతలు గీశాడు.

ప్రమీలారాణి రెండు పేజీలు శ్రద్ధగా చదివింది.

"ఇక్కడ 'ఫ్రీ' అన్నారు. ఉచితం అనేనా?"

"కాదు మేడం. ఇంగ్లీషుల రెండింటికి ఒకటే మాట, అందుకని వాళ్లే తిప్పలు పడుతుంటరు. మనకు రెండు మాటలున్నయ్. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇది స్వేచ్ఛ. పైసలిచ్చి కొనుక్కున్నా స్వేచ్ఛనే, ఊరికె తెచ్చుకున్నా స్వేచ్ఛనే."

ఆవిడ కాగితాలు బల్ల మీద పెట్టింది. "మాట బాగా చెప్పారు. కానీ మాస్టారూ, నేను ఆఫీసులో ఏం రాయాలి? ఈ కాగితం మీద ముద్ర లేదు, సంతకం లేదు. మీరు టైపు మాస్టారు. ఇట్లాంటి నాలుగు కాగితాలు మీరే కొట్టి ఉండొచ్చు."

ఆంథోనికి చెవులు వేడెక్కాయి. జీవితంలో ఒక్క దొంగ కాగితం కొట్టని చేతులు. భూమి పత్రాల్లో ఒక్క అంకె మార్చి కొట్టమని ఊరి పెద్దలు బతిమాలితే, మిషను మీద మూత వేసి ఇంటికి పోయిన మనిషి.

వెంకటరామారావు ముందుకొచ్చాడు. గెలిచిన మొహం కాదు అది. కొంచెం ఇబ్బందిపడుతున్నట్టే ఉన్నాడు.

"మాస్టారూ, మీ మీద గౌరవం లేక కాదు. నాకు అక్షరం మీద వేలు పెట్టడం నేర్పింది మీరే. కానీ నేను ప్రతి ప్రోగ్రాముకీ లైసెన్సు కొని నడుపుతున్నాను. మీరు పత్రికలో వచ్చిన సీడీ ఒకటి పెట్టుకుని అదే చదువు చెబుతుంటే ఎలా? కంపెనీలవాళ్లు ఏళ్ల తరబడి కష్టపడి చేసేదాన్ని ఎవరో ఊరూపేరూ లేనివాళ్లు చేసి ఊరికే పంచుతారంటే మేడంగారు కాదు, చంటిపిల్లాడు కూడా నమ్మడు. ఇది ఏదో కంపెనీ సరుకే. పేరు మార్చి పంచుతున్నారు."

"తెరిచి చూపిస్త" అంది జంపక్క.

ఆమె అప్పటిదాకా కంప్యూటరు వెనక నిలబడి, దండలోంచి రాలిన బంతి రేకులు ఏరుతోంది. అందరూ తనవైపు తిరిగారు. కానీ మాట ఆపలేదు.

"దొంగ సరుకైతే తాళం పగలగొట్టాలె కద మేడం. దీనికి తాళమే లేదు. లోపట ఏమున్నదో మొత్తం కనబడుతది. తప్పుంటే దిద్దొచ్చు. కంపెనీది గట్ల దిద్దనిస్తదా? మీరు కూసోండ్రి, చూపిస్త."

ప్రమీలారాణి ఆ పిల్లను తేరిపార చూసింది. "ఏం చూపిస్తావు?"

"మీకు టైపు వచ్చా మేడం?"

పిల్లల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఆఫీసరమ్మను అట్లా అడగొచ్చా? కానీ ప్రమీలారాణి మొహంలో ఆ పూట మొదటిసారి ఏదో మెత్తబడింది.

"హయ్యర్ పాసయ్యాను. ఫస్టు క్లాసు" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

*

డెబియన్‌తో పాటు వచ్చిన వందల ప్రోగ్రాముల్లో టైపు నేర్పేది ఒక చిన్నది ఉంది. తెర మీద పాఠం చూపిస్తుంది. చూసి కొడితే నిమిషానికి ఎన్ని మాటలు కొట్టారో లెక్క చెబుతుంది. మొదటి మిషన్లో ఆ ప్రోగ్రాం సీడీలో వచ్చింది వచ్చినట్టే ఉంది.

జంపక్క పాఠం తెరిచింది. ప్రమీలారాణి కళ్లజోడు సర్దుకుని, గాజులు పైకి తోసుకుని, కుర్చీ ముందుకు జరుపుకుంది. వేళ్లు ఒకసారి విదిలించి కొట్టడం మొదలుపెట్టింది. ఆ వేళ్లు కదిలిన తీరు చూడగానే ఆంథోనికి అంత గుబులులోనూ సంతోషమనిపించింది. మంచి చెయ్యి. అభ్యాసం తప్పింది గానీ, మంచి గురువు దగ్గర నేర్చిన చెయ్యి. ఆయన అలవాటు కొద్దీ పరీక్షల స్టాప్‌వాచ్ తీసి, ఆవిడ మొదటి అక్షరం మీద నొక్కాడు.

పాఠం పూర్తయింది. తెర మీద లెక్క పడింది. నిమిషానికి ఇరవై ఏడు మాటలు.

"ఇరవై ఏడా?" ప్రమీలారాణి నొసలు ముడుచుకుంది. "చెయ్యి మరిచిపోయాను నిజమే. కానీ మరీ ఇరవై ఏడు కాదు."

"కాదు మేడం" అన్నాడు ఆంథోని. "ముప్పై ఎనిమిది. నా గడియారం చెప్తున్నది."

"అయితే మీ ప్రోగ్రాం తప్పు."

"అవ్ మేడం. తప్పే" అని జంపక్క ఎవరో మెచ్చుకున్నట్టుగా నవ్వింది. "రెండు నెలల కింద సారే పట్టిండు. ఏ పిల్ల కొట్టినా సార్ గడియారంల ఒకటి, దీన్ల ఒకటి వస్తున్నయ్. ఎందుకని లోపట ఎతికినం. ఇగో."

ఆమె వేళ్లు మీటల మీద పరుగెత్తాయి. మౌసు లేదు, బొమ్మలు లేవు. టైపు నేర్చిన పిల్లకు అసలు అవి అక్కర్లేదు. తెర నిండా ఆ ప్రోగ్రాం రాసినవాళ్ల రాత వచ్చింది, వరస కింద వరస. ప్రమీలారాణి ముందుకు వంగింది. వెంకటరామారావు కూడా తెలియకుండానే రెండడుగులు దగ్గరికి జరిగాడు. పదేళ్లుగా కంప్యూటర్ సెంటరు నడుపుతున్న మనిషి. ఒక ప్రోగ్రాం లోపలిభాగం చూడటం బహుశా అతనికి అదే మొదలు.

"గడియారం ఈడ మొదలవుతున్నది మేడం" అని జంపక్క ఒక వరస మీద గీతను ఆపింది. "పాఠం తెర మీదికి రాంగనే మొదలవుతున్నది. మీరు అద్దాలు సర్దుకున్నది, గాజులు జరుపుకున్నది, గదంతా మీ టైముల పడ్డది. మొదటి అక్షరం కొట్టినంక కద మొదలు గావాలె. ఈ వరసను ఈడికెల్లి తీసి, కింద గీడ పెట్టాలె. అంతే."

అక్కడే, అందరి కళ్లముందే, ఆ ఒక్క వరసను తీసి కిందికి మార్చింది. మారిన రాతను మిషనుకు అర్థమయ్యే భాషలోకి తిప్పమని ఆజ్ఞ కొట్టింది. పాత కంప్యూటరు కొంచెంసేపు గురగురలాడింది. తెల్లగీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

"కొట్టండ్రి మేడం."

ప్రమీలారాణి తెలివైన మనిషి. పాఠం తెర మీదికి వచ్చాక ఈసారి కావాలనే కొట్టలేదు. కళ్లజోడు తీసి కొంగుతో తీరిగ్గా తుడుచుకుంది. వాన ఎట్లా పడుతోందో చూసింది. బసవపున్నయ్యగారి గంపవైపు చూసి, "ఎవరి చేలోవి?" అని కూడా అడిగింది. అప్పుడు మొదలుపెట్టింది. ఆంథోని గడియారం నొక్కాడు.

పాఠం ముగిసింది. తెర మీద నలభై. ఆంథోని స్టాప్‌వాచ్ ఆవిడ ముందు పెట్టాడు. నలభై.

వసారాలో ఒక్కసారిగా చప్పట్లు లేచాయి. ముసలామెకు ఏం జరిగిందో తెలియకపోయినా అందరికంటే గట్టిగా కొట్టింది. ప్రమీలారాణి చప్పట్లు ఆగేదాకా తెరవంకే చూస్తూ కూర్చుంది.

"ఈ దిద్దుబాటు ఎవరు చేశారు?"

"తప్పు కనబడ్డది నాకు" అన్నాడు ఆంథోని. "కారణం ఎతికి దిద్దింది జంపక్క. మా బిడ్డ తెచ్చిచ్చిన పుస్తకం ముందలేసుకుని పద్దెనిమిది దినాలు కూసున్నది. మేడం, మేం దిద్దుకుని మా దగ్గర్నే పెట్టుకోలే. ఈ ప్రోగ్రాం చూసుకునేటాయన జర్మనీల ఉంటడు. ఆయనకు ఉత్తరం గూడ పంపినం. జంపక్క పేరు మీద పంపినం. ఈడ నెట్టు లేదు కద, ఫ్లాపీల ఎక్కించి ఖమ్మంల ఉన్న మా బిడ్డ రిబ్కాకు ఇస్తే, ఆడికెల్లి పంపింది. ఇంక జవాబు రాలే."

"మీ పేరు ఎందుకు పెట్టలేదు?"

"దిద్దినోళ్ల పేరే ఉండాలె మేడం. టైపుల ఒకరు కొట్టిన కాగితం మీద ఇంకొకరి పొట్టి సంతకం పెడితే నేను పరీక్ష తప్పిస్త."

ప్రమీలారాణి ఫైలు తెరిచింది. పెన్ను మూత తీసి, కొంచెంసేపు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో రాసింది. రాసింది రాసినట్టు పైకి చదివింది కూడా. "సాఫ్ట్‌వేరు స్వేచ్ఛగా వాడుకొనుటకు అనుమతి ఉన్నది. లోపలి రాత నా సమక్షంలో తెరిచి, మార్చి, నడిపి చూపించిరి. అర్జీలోని ఆరోపణకు ఆధారము లేదు. గుర్తింపు కొనసాగించవచ్చును." కింద సంతకం చేసింది.

ఆంథోని గోడకు ఆనుకున్నాడు. ముప్పై ఒక్క మంది పిల్లల మొహాలు చూశాడు. ఈ క్రాస్‌రోడ్డు దాటితే ఎవరికీ తెలియని ఇన్‌స్టిట్యూట్ అది. దాని లోపల కూర్చుని ఒక కోయపిల్ల, ఎక్కడో ఉన్న తెలివైనవాళ్లు చేసిన తప్పును పట్టుకుని, దిద్ది, ఆఫీసరు చేత చదివించింది. ఇంతకంటే పుట్టినరోజు పండుగ ఇంకెట్లా చేస్తారు?

వెంకటరామారావు తల వంచుకుని ఉన్నాడు. కాసేపటికి జంపక్క దగ్గరికి వెళ్లి, "ఆ వరస మళ్లీ ఒకసారి చూపిస్తావా?" అన్నాడు. జంపక్క ఆంథోని వైపు చూసింది. ఆంథోని తల ఊపాడు. ఆమె కుర్చీ జరిపి అతనికి చోటిచ్చింది.

*

పన్నెండు దాటాక, కంకులు పంచుతుండగా, రిబ్కా వచ్చింది. తొలి బస్సుకే బయల్దేరింది గానీ, దారిలో వాగు పొంగి గంటన్నర ఆగిపోయిందట. చీర అంచులు బురద. గుండెకు అదుముకుని ఒక ప్లాస్టిక్ కవరు. ఆంథోనికి ఒక్కతే కూతురు. ఖమ్మంలో ఒక నెట్ సెంటర్‌లో పనిచేస్తోంది.

"జవాబొచ్చింది" అంది గుమ్మంలోనే.

జంపక్క ఒక్క ఉరుకున లేచింది. చేతిలో కంకి ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు. "వచ్చిందా అక్కా? ఏం రాసిండ్రు? మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది" అంది రిబ్కా. కానీ జంపక్క వైపు చూడలేదు. కవరు తండ్రి చేతికి ఇచ్చింది. "నువ్వే చదువు నాయినా. మొదలు నువ్వొక్కనివి చదువు."

ఆంథోని కాగితం బయటికి తీశాడు. చిన్న ఉత్తరమే. జర్మనీ మనిషి మర్యాదగా రాశాడు. దిద్దుబాటు సరైనదేనట. ఇన్నాళ్లూ ఎవరికీ కనబడని తప్పట. స్టాప్‌వాచ్ పెట్టుకుని చూసినవాళ్లకే దొరికే తప్పు అని మెచ్చుకున్నాడు. ప్రోగ్రాం తర్వాతి కూర్పులో ఇది చేరుతుందనీ, దిద్దినవారి పేరు కృతజ్ఞతల జాబితాలో ఉంటుందనీ, ఆ ప్రోగ్రాం ఏ దేశానికి పోతే ఆ దేశానికి ఆ పేరు కూడా పోతుందనీ రాశాడు. చేర్చబోయే వరసను కింద విడిగా కొట్టి పంపాడు.

ఆ వరసలో ఉన్న పేరు ఆంథోని.

ఒక్కటే పేరు. ఏడూళ్ల బయ్యారం, ఇండియా.

ఆయన ఆ వరసను మూడుసార్లు చదివాడు. తన పేరు అట్లా, లోకమంతా తిరగబోయే కాగితం మీద చూసుకోవడం అదే మొదటిసారి. గుండెలో ఏదో వెచ్చగా పొంగింది. ఆ పొంగును తానే గమనించి సిగ్గుపడ్డాడు. కూతురి చెయ్యి పట్టుకుని వసారా మూలకు తీసుకుపోయాడు.

"నేను జంపక్క పేరే రాసిచ్చిన కద ఫ్లాపీల."

రిబ్కా కళ్లు నేలమీదే ఉన్నాయి. "నేనే మార్చిన."

"ఎందుకు బిడ్డా?"

"ఇరవై రెండేండ్లు నాయినా. ఎంతమందికి నేర్పినవ్. ఎంతమంది ఆఫీసర్లయిండ్రు. నీ దగ్గర నేర్చుకున్నోడే నీ మీద అర్జీ పెట్టిండు. నీ పేరు ఏడన్న ఉన్నదా? ఒక్క కాడన్న ఉండాలె అనుకున్న. జంపక్క చిన్నపిల్ల, దానికి ఇంక చానా వస్తయ్. నీకు ఇంకెప్పుడు వస్తది? ఆ తప్పు పట్టింది నువ్వే కద. అబద్ధం ఏమున్నది అందుల?"

ఆంథోనికి కోపం రాలేదు. ఇంత ప్రేమ మీద కోపం ఎట్లా వస్తుంది?

"ఎవరికీ తెల్వదు నాయినా. ఆ అడ్రసు నాది. రేపు ఇంకో ఉత్తరం రాసి జంపక్క పేరు కూడ కలపమంట. ఇయ్యాల మాత్రం ఊరుకో. ఇందరు ఉన్నరు. మేడం ఉన్నది."

వెనక అడుగుల చప్పుడు. జంపక్క. ఇంకా నవ్వుతోంది. ఆమె వెనక పిల్లలందరూ, పిల్లల వెనక కొంగు బిగించి ముసలామె కూడా.

"సార్, అందరూ అడుగుతున్నరు. గట్టిగ చదవండ్రి. నా పేరు ఎట్ల రాసిండ్రు ఇంగ్లీషుల? పీకి ముందర ఎమ్ము పెట్టిండ్రా, ఎన్ను పెట్టిండ్రా? మా అమ్మకు జెప్పాలె."

ఆంథోని చేతిలో కాగితం అట్లాగే ఉంది. మడతపెట్టి జేబులో పెట్టుకోవచ్చు. ఇంకా సరిగ్గా రాలేదు, మళ్లీ రాస్తారట అనొచ్చు. ఎవరూ రెండోమాట అడగరు. గుమ్మం అవతల, ప్రమీలారాణి గొడుగు విప్పి జీపువైపు ఒక మెట్టు దిగింది. వెంకటరామారావు ఆవిడ ఫైలు తడవకుండా పట్టుకుని వెనక నడుస్తున్నాడు.

రిబ్కా తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుంది. "నాయినా, వద్దు."

ఆంథోని మెల్లిగా ఆ చెయ్యి విడిపించుకున్నాడు. చివరి వరస దాకా వినబడే ఆ గొంతుతో పిలిచాడు.

"మేడం, జర ఆగుండ్రి. మీరు రాసిన కాగితం ఒక్కసారి తెరవాలె. ఈ ఇన్‌స్టిట్యూట్ల ఒక దొంగతనం జరిగింది."